నీల్ యంగ్ జీవితచరిత్ర ‘షేకీ’: రచయిత కోపం ఆ పుస్తకానికి బలమా, లోపమా?

కృష్ణాతీరం:

మిత్రులకు నమస్కారం.

రాక్ గాయకుడు, గిటారిస్టు నీల్ యంగ్ మీద జిమ్మీ మెక్‌డొనఫ్ రాసిన ‘షేకీ’ని గత నెలలో మొదలుపెట్టి మొన్న ఆదివారం ముగించాను. సుమారు 800 పుటల పుస్తకం. చదువుతున్నన్నాళ్లూ పక్కన పెట్టబుద్ధి కాలేదు, ముగించిన తర్వాత మాత్రం మనసు కుదుటపడలేదు. ఆ ఇబ్బంది పుస్తకంలో ఉందో, నేను చదివిన తీరులో ఉందో తేల్చుకోలేక మిమ్మల్ని అడుగుతున్నాను.

పుస్తకం చదవనివారి కోసం కొంత నేపథ్యం చెప్పాలి. నీల్ యంగ్ 1945లో టొరంటోలో పుట్టాడు. 1966లో ఒక పాత శవవాహనం నడుపుకుంటూ కెనడా నుంచి లాస్ ఏంజెలెస్ చేరాడు. సన్‌సెట్ బులవార్డు మీద వాహనాల రద్దీలో చిక్కుకున్నప్పుడు అంతకు ముందే పరిచయమున్న స్టీఫెన్ స్టిల్స్ కంటపడ్డాడు, ఆ కలయికలోంచి బఫలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే బృందం పుట్టింది. ఆ బృందం పైకి వస్తున్న రోజుల్లోనే, 1967లో మాంటెరే సంగీతోత్సవానికి కొద్దిగా ముందు, దాన్ని వదిలి వెళ్లిపోయాడు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం వేదిక మీద క్రాస్బీ, స్టిల్స్, నాష్‌లతో కలిసి వాయిస్తూనే తనను చిత్రీకరించడానికి ఒప్పుకోలేదు. 1972లో ‘హార్వెస్ట్’ ఆల్బమ్ అమెరికాలో ఆ ఏడాది అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోతే, అలాంటిదే మరొకటి చేయమని అడగని వాళ్లు లేరు. అతను దానికి నేరుగా ఎదురు దిక్కుకు నడిచాడు. ఆ విజయం తనను నడిరోడ్డు మీదికి చేర్చిందనీ, అక్కడ విసుగు పుట్టి రోడ్డు పక్క గోతిలోకి దిగాననీ, ఆ గోతిలోనే ఆసక్తికరమైన మనుషులు కనిపించారనీ 1977లో తన పాటల సంపుటానికి రాసుకున్న మాటల్లో తనే చెప్పాడు.

ఇలాంటి మనిషి తన కథ రాయడానికి ఒక రచయితకు అనుమతి ఇచ్చాడు, గంటల తరబడి కూర్చుని మాట్లాడాడు, తన మిత్రులనూ సహోద్యోగులనూ మాట్లాడనిచ్చాడు. తీరా రాతప్రతి సిద్ధమయ్యాక వెనకడుగు వేశాడు. 2000లో మెక్‌డొనఫ్ న్యాయస్థానానికి వెళ్లాడు, తర్వాత ఇద్దరికీ రాజీ కుదిరింది, 2002లో పుస్తకం వెలువడింది.

నా సందేహం ఇది. మెక్‌డొనఫ్ తన ఇష్టాయిష్టాలను ఎక్కడా దాచుకోడు. క్రాస్బీ, స్టిల్స్, నాష్‌ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అతని కలం పదునెక్కుతుంది. నీల్‌కు తోడుగా వాయించిన క్రేజీ హార్స్ బృందం గురించి, నీల్ ఆల్బమ్‌ల నిర్మాత డేవిడ్ బ్రిగ్స్ గురించి రాసేటప్పుడు మాత్రం పూనకం వచ్చినట్టు రాస్తాడు. చివరి భాగానికి వచ్చేసరికి నీల్ చేస్తున్న పనులు తనకు నచ్చడం లేదని అతని ముఖం మీదే అంటాడు. అక్కడ నాకు ఒక జీవితాన్ని చదువుతున్నట్టు కాక, ఒక అభిమాని అలకను పక్కన కూర్చుని వింటున్నట్టు అనిపించింది. జీవితచరిత్ర రాసేవాడు ఎంతవరకు కనిపించాలి? ఈ కోపం లేకపోతే పుస్తకం ఇంత సజీవంగా ఉండేదా, లేక ఇంకా లోతుగా ఉండేదా? చదివినవారు దయచేసి మీ అభిప్రాయం వివరంగా రాయండి.

పాత క్యాసెట్టు:

కృష్ణాతీరం గారూ, మీరు లోపం అంటున్నదే నా దృష్టిలో ఈ పుస్తకానికి ఆయువుపట్టు. కారణం చెబుతాను.

నీల్ యంగ్ మర్యాదగా అడిగిన ప్రశ్నకు మర్యాదగా తప్పించుకునే మనిషి. వేల ప్రశ్నలకు జవాబు చెప్పి చెప్పి ఆరితేరినవాడు. పొగడ్తతో వెళ్లిన విలేకరికి అతను ఇచ్చేది అప్పటికే పదిమందికి ఇచ్చిన జవాబే. మెక్‌డొనఫ్ మాత్రం ‘ఈ ఆల్బమ్ బాగాలేదు, ఎందుకు ఇలా చేశావు’ అని సూటిగా అడుగుతాడు. అప్పుడు నీల్ కదులుతాడు, వాదిస్తాడు, ఒక్కోసారి ఒప్పుకుంటాడు. పుస్తకం పొడుగునా కథనం మధ్యలో నీల్ మాటలు విడిగా వస్తుంటాయి కదా, ఆ భాగాల్లో ఉన్న వేడి అలకలోంచి వచ్చినది కాదు, సంగీతం విషయంలో రాజీ ఒప్పుకోని ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చున్నందువల్ల వచ్చినది. నేను చదివిన సంగీతకారుల జీవితచరిత్రల్లో నాయకుడు తన చరిత్రకారుడితో ఇంత నిజంగా తలపడిన పుస్తకం మరొకటి లేదు.

ఇక కోపం చూపును మసకబారుస్తుందన్న అనుమానానికి ‘టునైట్స్ ద నైట్’ ఆల్బమ్ గురించిన భాగమే జవాబు. 1972 నవంబరులో క్రేజీ హార్స్ గిటారిస్టు డానీ విటెన్ చనిపోయాడు. కొన్ని నెలల తర్వాత, 1973లో, వాద్యాలు మోసి వేదికలు సర్దే సహాయకుడు బ్రూస్ బెర్రీ కూడా మాదకద్రవ్యాల వల్లనే చనిపోయాడు. ఆ ఏడాది వేసవి చివర్లో నీల్ తన వాళ్లందరినీ లాస్ ఏంజెలెస్‌లో ఒక రిహార్సల్ గదికి చేర్చాడు. వాద్యాలు అద్దెకిచ్చే ఆ సంస్థ చనిపోయిన బెర్రీ అన్నదే. అది రికార్డింగ్ స్టూడియో కాదు. బయట ఒక ట్రక్కులో టేపు యంత్రాలు పెట్టుకుని, గోడకు రంధ్రం కొట్టి అందులోంచి తీగలు లాగారు. రాత్రి పొద్దుపోయేదాకా తాగుతూ, బిలియర్డ్స్ ఆడుతూ, చనిపోయిన ఇద్దరినీ తలచుకుంటూ గడిపి, అర్ధరాత్రి దాటాక వాయించడం మొదలుపెట్టేవారు. పాట పూర్తిగా నేర్చుకోక ముందే రికార్డు చేయడం బ్రిగ్స్ పద్ధతి. ఎక్కువ ఆలోచిస్తే పాట చెడుతుందని అతని నమ్మకం. ‘మెలో మై మైండ్’ అనే పాటలో నీల్ గొంతు పైస్థాయిని అందుకోలేక చీలిపోయే చోటు ఒకటుంది. మరెవరైనా ఆ పంక్తి మళ్లీ పాడించి అతికేవారు. నీల్ అలాగే ఉంచేశాడు.

ఆ టేపులు రెండేళ్లు పక్కన పడి ఉన్నాయి. 1975లో విడుదలకు సిద్ధంగా ఉన్నది ‘హోమ్‌గ్రోన్’ అనే మరో ఆల్బమ్, జనం కోరుకుంటున్న ‘హార్వెస్ట్’ బాణీకి దగ్గరగా ఉన్నది. ఒక రాత్రి మిత్రులకు దాన్ని వినిపించి, అదే టేపు చివర ఉన్న ‘టునైట్స్ ద నైట్’ కూడా వినిపిస్తే, ద బ్యాండ్ బృందానికి చెందిన రిక్ డాంకో రెండోదాన్నే విడుదల చేయమన్నాడు. నీల్ అమ్ముడుపోయే ఆల్బమ్‌ను అటకెక్కించి చావువాసన వేసే ఆల్బమ్‌ను బయటపెట్టాడు. ‘హోమ్‌గ్రోన్’ శ్రోతలకు చేరింది 2020లో! స్వతంత్రుడు అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇదీ. ఆ గదిలో జరిగినది మెక్‌డొనఫ్ రాసినంత దగ్గరగా ఎవరూ రాయలేదు, ఆ ఆల్బమ్‌ను ప్రాణంగా ప్రేమించినవాడు కనుకనే రాయగలిగాడు. అంత ప్రేమ ఉన్నవాడికి తర్వాతి ఆల్బమ్‌ల మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఒంటారియో తెలుగు:

నేను టొరంటో దగ్గర ఉంటాను. ఈ పుస్తకం చదివిన తర్వాత ఒకసారి ఒమెమీ వెళ్లి వచ్చాను. నీల్ బాల్యం గడిచిన ఊరది, టొరంటోకు ఈశాన్యంగా సుమారు 130 కిలోమీటర్లు. ఏడో నంబరు రహదారే ఆ ఊరికి నడివీధి. పిజన్ నది మీది వంతెన, కొన్ని దుకాణాలు, పాత ఇళ్లు దాటితే ఊరు అయిపోతుంది. అక్కడి బడికి స్కాట్ యంగ్ పేరు పెట్టారు, అంటే నీల్ తండ్రి పేరు. కొడుకు ప్రపంచమంతా తెలిసినవాడైనా బడి గోడ మీద ఉన్నది తండ్రి పేరు కావడం చూసి కాసేపు అక్కడే నిలబడ్డాను. స్కాట్ యంగ్ కెనడాలో పేరున్న క్రీడా విలేకరి, పిల్లల కోసం హాకీ నవలలు రాసిన రచయిత. 1984లో కొడుకు గురించి ‘నీల్ అండ్ మీ’ అనే పుస్తకం కూడా రాశాడు.

‘షేకీ’లో నన్ను ఎక్కువగా పట్టుకున్నవి బాల్యం పుటలే. వాటిలో రచయిత కోపం లేదు, అతను అక్కడ దాదాపు కనిపించడు. 1951లో ఒంటారియోలో పోలియో వ్యాపించినప్పుడు ఐదేళ్ల నీల్‌కు అది సోకింది. ముఖానికి గుడ్డ కట్టుకుని, చేతిలో బొమ్మ రైలు పట్టుకుని, కారు వెనక సీటులో పడుకున్న పిల్లవాడిని తండ్రి టొరంటోలోని పిల్లల ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. కొన్ని రోజుల తర్వాత తీసుకురావడానికి వెళ్లినప్పుడు ఆ పిల్లవాడు తల్లిదండ్రులను మొదట అడిగినది, తను చనిపోలేదు కదా అని. నేను ఆ ఏడో నంబరు రహదారి మీద తిరిగి వస్తూ ఆ కారు ఇదే దారిన వెళ్లి ఉంటుందని అనుకుంటే గొంతు పూడుకుపోయింది.

1960లో తల్లిదండ్రులు విడిపోయారు. పెద్ద కొడుకు తండ్రి దగ్గర ఉండిపోయాడు, నీల్ తల్లి రాసీతో విన్నిపెగ్ వెళ్లాడు. అక్కడే గిటారు, అక్కడే ‘స్క్వైర్స్’ అనే బృందం. ఆంప్లిఫయరు కొనడానికి డబ్బు కావాలని తండ్రికి ఉత్తరం రాస్తే, చదువులో మార్కులు మెరుగుపడితే చూద్దామని ఆయన జవాబిచ్చాడు. తల్లి మాత్రం ఎక్కడో ఒకచోట డబ్బు సర్ది కొనిపెట్టింది. తండ్రి ఆ సంగతిని తన పుస్తకంలో తానే చెప్పుకున్నాడు. ఆ జవాబు రాసిన తండ్రి స్థానంలో నన్ను ఊహించుకుని చూశాను. మన ఇళ్లలో తొంభై పాళ్లు అదే జవాబు వచ్చేది.

నా అభిప్రాయం ఏమిటంటే, కృష్ణాతీరం గారి అసంతృప్తి పూర్తిగా న్యాయమైనది, కాని అది పుస్తకం మొత్తానికి వర్తించదు. 1966 వరకు నడిచిన కథలో మెక్‌డొనఫ్ ఓర్పుగల పరిశోధకుడు. ఇరవై ఏళ్లు నిండని కుర్రవాడు తన మొదటి శవవాహనమైన 1948 నాటి బ్యూక్‌లో వాద్యాలు వేసుకుని తిరిగిన రోజులు, 1965లో బ్లైండ్ రివర్ అనే చిన్న ఊళ్లో ఆ బండి చచ్చిపడిన వైనం, ఇవన్నీ చూసినవాళ్లను వెతికి పట్టుకుని రాశాడు. తను పాటలు విని అభిమానించిన కాలానికి కథ చేరిన తర్వాతనే ఓర్పు తగ్గి గొంతు పెరుగుతుంది. ఎవరికైనా అంతేనేమో, తను బతికిన కాలం గురించి నిదానంగా రాయడం కష్టం.

నడిరేయి రాగం:

పాత క్యాసెట్టు గారు ‘టునైట్స్ ద నైట్’ గురించి రాసినది చదివి ఆనందించాను, కాని ఆ ఆల్బమ్ వెనక ఉన్న మరణాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు ఈ పుస్తకంలో ముఖ్యమైనది అక్కడే ఉంది.

డానీ విటెన్ ఎవరో ఒక వాద్యకారుడు కాదు. 1969లో క్రేజీ హార్స్‌తో చేసిన మొదటి ఆల్బమ్‌లో నీల్ గిటారుకు ఎదురుగా నిలిచి బదులు పలికిన రెండో గిటారు అతనిది. తర్వాతి కాలంలో రాడ్ స్టూవర్ట్ పాడగా ప్రపంచమంతా విన్న ‘ఐ డోంట్ వాంట్ టు టాక్ అబౌట్ ఇట్’ అతను రాసినదే. హెరాయిన్ వల్ల బాగా దెబ్బతిన్న అతన్ని, 1972 శరదృతువులో, ‘హార్వెస్ట్’ తర్వాతి పెద్ద యాత్ర కోసం నీల్ మళ్లీ పిలిచాడు. రిహార్సల్‌లో విటెన్ పాట వెంట నడవలేకపోయాడు. ఒక పాట అయిపోయి మరొకటి మొదలైనా అతని వేళ్లు వెనకటి పాటలోనే ఉండిపోయేవి. చివరికి నీల్ అతని చేతిలో 50 డాలర్లూ, లాస్ ఏంజెలెస్‌కు విమానం టిక్కెట్టూ పెట్టి పంపించాడు. అదే రాత్రి విటెన్ చనిపోయాడు.

ఈ ఘట్టం చదివేటప్పుడు నాకు నీల్ మీద కోపం రాలేదు, జాలి కలిగింది. అతను చేసినది ఏ బృంద నాయకుడైనా చేసే పనే. కాని అతను జీవితమంతా చేసినది కూడా అదే కదా: సంగీతానికి అడ్డు అనిపించిన క్షణంలో మనిషిని వదిలి వెళ్లడం. 1976లో క్రాస్బీ, నాష్‌ల గొంతులు అప్పటికే రికార్డు చేసిన టేపు మీద నుంచి నీల్, స్టిల్స్ చెరిపేశారు. అదే ఏడాది స్టిల్స్‌తో కలిసి చేస్తున్న యాత్ర నడుమ ఒక తంతి పంపి మాయమయ్యాడు. ఈ సంగతులను మెక్‌డొనఫ్ కొంత ముచ్చటగా చెబుతాడు, వదిలివేయబడినవాళ్లు తనకు నచ్చని సంగీతకారులు కాబట్టి. నా అభ్యంతరం ఇక్కడే ఉంది. రచయిత కోపం నీల్ మీద పనిచేసినంత కాలం పుస్తకానికి మేలు చేసింది, నీల్ పక్కవాళ్ల మీదికి మళ్లినప్పుడు కీడు చేసింది. స్టిల్స్ ఆ రోజు వేదిక దగ్గర ఒంటరిగా ఏమనుకుని ఉంటాడో ఆలోచించే ఓపిక ఈ పుస్తకానికి లేదు.

స్త్రీల విషయం కూడా చెప్పక తప్పదు. క్యారీ స్నాడ్‌గ్రెస్ 1970లో చేసిన సినిమాకు ఆస్కార్ నామినేషన్ పొందిన నటి. నటన పక్కన పెట్టి నీల్ పొలానికి వెళ్లి ఉండిపోయింది, బిడ్డను కన్నది, తర్వాత ఆ బంధం ముగిసింది. అతను పాట కోసం విడిచినవాటికి 800 పుటల చరిత్ర ఉంది. ఆమె విడిచినదానికి ఉన్న చోటు చాలా తక్కువ. స్వేచ్ఛ గురించిన పుస్తకంలో ఆ లెక్క కూడా ఉండవలసింది.

కృష్ణాతీరం:

నడిరేయి రాగం గారూ, నేను మాటల్లో పెట్టలేకపోయినదాన్ని మీరు పట్టిచ్చారు. నా ఇబ్బంది కోపం ఉండటం వల్ల కాదు, అది అందరి మీదా సమానంగా పడకపోవడం వల్ల. పాత క్యాసెట్టు గారి మాట కూడా కాదనలేను. ఆ రిహార్సల్ గది గురించిన పుటలు చదివి ఆల్బమ్‌ను మళ్లీ వింటే, అంతకు ముందు తప్పుగా అనిపించిన చోట్లే నాకు ఎక్కువ ఇష్టమయ్యాయి. ఒంటారియో తెలుగు గారూ, మీ ప్రయాణం గురించి చదివి మొదటి అధ్యాయాలను మళ్లీ తెరిచాను.

ఒప్పంద పత్రం:

నేను వృత్తిరీత్యా ఒప్పందాలు చదివే పనిలో ఉన్నాను, అందువల్ల నా దృష్టి వేరే చోట నిలిచింది. ఈ కథలో రెండు వ్యాజ్యాలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి ఎవరూ మాట్లాడకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

మొదటిది అందరికీ తెలిసినదే. 1982లో నీల్ యంగ్ డేవిడ్ గెఫెన్ రికార్డు సంస్థకు మారాడు. ఆల్బమ్‌కు పది లక్షల డాలర్లు, సంగీతం విషయంలో పూర్తి స్వేచ్ఛ అన్నది అంగీకారం. వెంటనే అతను యంత్రాలలోంచి గొంతు పలికించే ‘ట్రాన్స్’ చేశాడు. తర్వాత గ్రామీణ బాణీలో ఒక ఆల్బమ్ చేస్తే సంస్థ వద్దని, రాక్ అండ్ రోల్ ఇమ్మంది. దానికి అతను 1950ల నాటి రాక్ అండ్ రోల్‌ను అచ్చంగా దించి అరగంట కూడా లేని ఆల్బమ్ చేతిలో పెట్టాడు. 1983లో గెఫెన్ 33 లక్షల డాలర్లకు దావా వేశాడు. అతను ఇస్తున్న ఆల్బమ్‌లు వ్యాపారయోగ్యంగా లేవనీ, నీల్ యంగ్ సంగీతంలా లేవనీ ఆరోపణ. ఒక కళాకారుడు తనలా లేడని అతని మీదే దావా! నీల్ ఎదురు దావా వేశాడు, చివరికి సంస్థ వెనక్కి తగ్గింది, గెఫెన్ క్షమాపణ చెప్పాడు. 1988 నాటికి నీల్ తన పాత సంస్థ రిప్రైజ్‌కు తిరిగి వచ్చాడు.

రెండోది మెక్‌డొనఫ్ వేసినది. ఇక్కడ పాత్రలు తారుమారయ్యాయి. స్వేచ్ఛ ఇస్తానని మాట ఇచ్చినవాడు ఈసారి నీల్. ఆ స్వేచ్ఛను నమ్ముకుని ఏళ్ల తరబడి పని చేసి, ఎదుటివాడు కోరుకున్నట్టు కాక తనకు నిజమనిపించినట్టు చేసి తెచ్చినవాడు రచయిత. చేతికి వచ్చిన పనిని చూసి వెనకాడినవాడు మళ్లీ నీలే. గెఫెన్ తనకు ఏమి చేశాడో, దాదాపు అదే తను మరొకరికి చేశాడు. తన స్వేచ్ఛ కోసం ఇంతగా పోరాడిన మనిషికి మరొకరికి ఇచ్చిన స్వేచ్ఛను భరించడం ఎందుకంత కష్టమైందో, పుస్తకంలో నన్ను చివరిదాకా వెంటాడిన ప్రశ్న అది. ఇది నీల్‌ను తక్కువ చేయడానికి అంటున్న మాట కాదు. పాట విషయంలో నష్టపోయేది అతను, పుస్తకం విషయంలో నష్టపోగలిగేది అతని ఇంటివాళ్లు కూడా. ఆ భయం లేని తండ్రి ఉండడు.

ఈ దృష్టితో చూస్తే చివరి భాగంలోని కోపం నాకు అలకలా అనిపించలేదు. పని చేసి, అది బయటికి వస్తుందో రాదో తెలియక ఏళ్లు కాచుకున్న మనిషి నిరాశ అది. నీల్‌కు 1983లో వచ్చిన కోపం కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. అతను దాన్ని ఆల్బమ్‌గా మలిచాడు, ఇతను పుస్తకంగా మలిచాడు.

బడి గంట:

నేను అమెరికాలో మాట రాని పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిని. రాక్ సంగీతం గురించి నాకు తెలిసినది స్వల్పం. నీల్ యంగ్ పేరు నేను మొదట విన్నది మా వృత్తిలోనే, పాటల ద్వారా కాదు. ఒప్పంద పత్రం గారు ‘ట్రాన్స్’ను దావాకు కారణంగా చెప్పారు. ఆ ఆల్బమ్ ఎందుకు పుట్టిందో కూడా చెప్పకపోతే అతనికి అన్యాయం జరుగుతుందని రాస్తున్నాను.

నీల్, పెగీ దంపతుల కుమారుడు 1978లో తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు. మాట్లాడలేడు, కాళ్లూ చేతులూ వశంలో ఉండవు. 1980ల మొదట్లో ఆ తల్లిదండ్రులు ఏడాదిన్నర పాటు రోజుకు పన్నెండు గంటలకు పైగా సాగే కఠినమైన వ్యాయామ పద్ధతిని ఇంట్లోనే నడిపారు. ఆ రోజుల తర్వాత వచ్చినది ‘ట్రాన్స్’. మాట యంత్రంలోంచి వచ్చి, ఏమంటున్నారో సగమే అర్థమయ్యే ఆ గొంతులు, తన కొడుకుతో సంభాషించడానికి తను పడిన పాట్లని అతను తర్వాత చెప్పాడు. అప్పట్లో బయటి ప్రపంచానికి ఆ సంగతి తెలియదు. తెలియనివ్వలేదు కూడా. కొడుకు కష్టం చెప్పి సానుభూతి పొందడం కన్నా, ఆల్బమ్ అర్థం కాలేదన్న నింద మోయడమే మేలనుకున్నాడేమో.

మా తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. తల పక్కన అమర్చిన మీటను చెంపతో నొక్కితే ముందున్న పరికరం ఒక మాట పలుకుతుంది. అతను మీట నొక్కడానికి ఒక్కోసారి నిమిషం పడుతుంది. మెడ తిప్పి, గురి తప్పి, మళ్లీ తిప్పి, చివరికి తాకుతాడు. పరికరం ‘ఇంకా’ అంటుంది. ఆ పలికేది యంత్రం గొంతే, కాని ఆ మాట అతనిది. ‘ట్రాన్స్’లో ‘ట్రాన్స్‌ఫార్మర్ మాన్’ అనే పాటను నేను తొలిసారి విన్నప్పుడు నాకు అది వింతగా అనిపించలేదు, నేను రోజూ వినే గొంతే అది.

ఒంటారియో తెలుగు గారు కారు వెనక సీటులో బొమ్మ రైలు పట్టుకున్న పిల్లవాడి గురించి రాశారు. ఆ పిల్లవాడే పెద్దవాడై తన పొలంలో ఒక కొట్టం నిండా బొమ్మ రైలు పట్టాలు పరిచాడు. కొడుకు ఒక పెద్ద మీటను నొక్కి ఆ రైళ్లను తానే నడపగలిగేలా నియంత్రణ పరికరాలు తయారు చేయించాడు. ఆ పని చివరికి అతన్ని 1995లో లయనెల్ బొమ్మ రైళ్ల సంస్థ కొనుగోలులో భాగస్వామిని చేసింది. 1986లో పెగీ మరికొందరితో కలిసి ఇలాంటి పిల్లల కోసం బ్రిడ్జ్ స్కూల్ స్థాపించింది. దాని కోసం ఏటా జరిగిన కచేరీల్లో ఆ బడి పిల్లలను వేదిక మీదే, వాద్యకారుల వెనక, గౌరవంగా కూర్చోబెట్టేవారు. బడి నిలబడటంలో పెగీ పాత్ర నీల్ పాత్ర కన్నా పెద్దదని మా రంగంలో అందరికీ తెలుసు. నడిరేయి రాగం గారి ఫిర్యాదు నాకు అందుకే న్యాయంగా తోస్తుంది.

మనుషులను వదిలి వెళ్లే మనిషి అని ఇక్కడ రాశారు. ఆ ఏడాదిన్నర అతను రోజూ ఇంట్లో ఉన్నాడు. ఆల్బమ్‌లను కూడా ఆ గంటల మధ్య మిగిలిన వేళల్లోనే చేశాడు. మీ లెక్కలో అది కూడా వేయమని మనవి.

నడిరేయి రాగం:

బడి గంట గారూ, వేస్తున్నాను. నేను అలా రాసినప్పుడు ఆ ఏడాదిన్నర నా దృష్టిలో లేదు. విటెన్ విషయంలో నా మాట మార్చుకోను, కాని ‘జీవితమంతా’ అన్న పదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

కృష్ణాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. ‘ట్రాన్స్’ను నేను ఇప్పటివరకు పూర్తిగా వినలేదు. పుస్తకంలో ఆ కాలం గురించి చదివి కూడా, గెఫెన్ తగాదాలో ఒక మలుపుగానే గుర్తు పెట్టుకుని దాటిపోయాను. నిన్న రాత్రి ‘ట్రాన్స్‌ఫార్మర్ మాన్’ మూడుసార్లు విన్నాను. మొదటిసారి మాటలు పట్టుకోవడానికి ప్రయత్నించి విసిగిపోయాను. మూడోసారి అతను చెబుతున్నది సగమే అందుతుంటే, బడి గంట గారి తరగతిలో మీట తాకబోయే ఆ అబ్బాయి గుర్తొచ్చాడు.

‘నీల్ అండ్ మీ’ పాత ప్రతి ఒకటి దొరికింది, వచ్చే వారం చేతికి వస్తుంది. తండ్రి రాసిన ఆంప్లిఫయరు ఉత్తరం సంగతి ముందు చదివి, తర్వాత ‘షేకీ’లో 1966 వరకు ఉన్న అధ్యాయాలను రెండోసారి చదవాలని అనుకుంటున్నాను. ఆ పుస్తకం ఇప్పటికే చదివినవారు ఎవరైనా ఉంటే, రాసీ గురించి అందులో తండ్రి ఎంత నిజాయితీగా రాశాడో చెప్పగలరా?